కట్ట బొక్కలో కాలు

కార్వేటినగరం దాటి కొండల వైపు పోతే, రెండు గుట్టల మధ్య వంకకు అడ్డంగా వేసిన చిన్న మట్టికట్ట ఉంటుంది. ఆ నీళ్ళు సాగుకూ కాదు, తాగడానికీ కాదు. జనం ఆదివారం పూట వచ్చి పడవల్లో తిరిగి, కట్ట మీద కూర్చుని చిత్రాన్నం తిని పోవడానికి. బాతు ఆకారంలో ఉన్న తొక్కుడు పడవలు ధనంజయవి. కట్ట మరమ్మతని చెప్పి చాన్నాళ్ళు మూసేసి, ఆ పొద్దే మళ్ళీ తెరిచారు. తొలి బేరంగా చిత్తూరు నుంచి ఒక వ్యాను వచ్చింది. మామిడి సీజన్ ముగిసి చేతులు ఖాళీ అయిన గుజ్జు ఫ్యాక్టరీ ఆడవాళ్ళు. వాళ్ళను వెంటబెట్టుకొచ్చింది జయంతి. ఆమె నేరుగా పడవల దగ్గరికి పోలేదు. భారతమ్మ టీ అంగడి ముందు నిలబడి కట్టను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది.

"అన్నా, మా అమ్మోళ్ళ ఊర్లో చెరువు తెగినప్పుడు నేను చిన్నపిల్లని. ఆ నీళ్ళు ఇంకా కండ్లల్లోనే ఉండాయి. మబ్బు జూస్తే అట్లుండాది. ఈ కట్ట గట్టిదేనా? నువ్వు అవునంటే ఎక్కతాం, లేదంటే చిత్రాన్నం తినేసి పోతాం."

"గట్టిది" అంటే సరిపోయేది. మూడంటే మూడక్షరాలు. ధనంజయకు మూడక్షరాల్లో మాట్లాడే అలవాటు లేదు. టీ గ్లాసు బల్ల మీద పెట్టి, లుంగీ సర్దుకున్నాడు.

"గట్టిదేనా అని నన్నా అడగతావు తల్లీ? కూర్చో, అందరూ కూర్చోండి. భారతమ్మా, వీళ్ళకు టీ పొయ్యి. పోయినేడు గాలివాన కొట్టింది సూడు, ఆ పొద్దు ఈ కట్ట మీద మనిషన్నోడు ఎవడన్నా ఉండాడంటే నేనొక్కణ్ణే. గొడుగు పట్టుకొని అట్లా నడస్తా ఉంటే, నీళ్ళ పక్కనుంచి గుడగుడమని శబ్దం. ఏందబ్బా అని వంగి సూస్తే బొక్క! ఎంత బొక్కనుకున్నావు? చింతగింజంత. ఎండ్రకాయ తవ్వింటాది. నేను పెద్దగా ఆలోచన చెయ్యలా, బొటనవేలు పెట్టి మూసినా. అంతే. ఆ మాత్రం ఎవురైనా చేస్తారు, నేను గొప్ప చెప్పుకోను."

"చెప్పుకోవులే" అంది భారతమ్మ, టీ వడగడుతూ.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నీళ్ళు ఊరుకుంటాయా? వేలి పక్కనుంచి మన్ను కోసుకుంటా పోయినాయి. చింతగింజ బొక్క టెంకాయంత అయ్యింది. వేలు తీసి మడమ పెట్టినా. టెంకాయ బొక్క కడవంత అయ్యింది. మోకాలు దాకా దింపినా. కడవ కాస్తా బావి అయిపాయె. ఇంక లాభం లేదని తొడ దాకా దింపి, కట్టకు వీపానించి కూలబడినా. నీళ్ళు టక్కున ఆగినాయి!"

"అబ్బా, కట్ట ఈ పక్కనుంచి ఆ పక్కకు నా వ్యానంత వెడల్పుండాది గదా" అన్నాడు డ్రైవరు మునిప్రసాద్. "నీ కాలు మధ్యలోనే ఆగిపోయుండాల."

"అదే చెప్పొస్తా ఉండా, తొందరపడొద్దు మునిప్రసాదూ. వెనక నీళ్ళు నెట్టతా ఉంటే కాలు ఏం చేస్తాది? సాగతాది. రబ్బరు మాదిరి సాగి, సాగి, పాదం కట్టకు ఆ పక్కన బయటికొచ్చింది. నేను ఈ పక్క, నా పాదం ఆ పక్క. ఆడ మేకలు కాసే ఆయన వానకు నిలబడుకోని, ఏదో కొయ్యగూటం అనుకొని నా బొటనవేలికి తువ్వాలు తగిలించినాడు. నాకేం కనపడతాది? తడి తువ్వాలు, చల్లగా తగిలింది. ఎవురప్పా ఆడ, అని అరిచినా. ఆయన మేకల్ని కూడా వదిలేసి పరిగెత్తినాడు."

ఆడవాళ్ళు నవ్వారు. జయంతి కూడా నవ్వింది. కానీ చేతిలోని టీ తాగలేదు.

నవ్వు వినబడితే ధనంజయకు ఇంక పగ్గాలుండవు.

"అట్లా ఎన్ని పొద్దులున్నానో నాకే గుర్తు లేదు. నా వీపు మీద గడ్డి మొలిచింది. కొంగొచ్చి నెత్తిన కూర్చునింది. జెల్ల చేపలొచ్చి వేళ్ళ సందున గుడ్లు పెట్టి, పిల్లల్ని లేపి, పెండ్లిళ్ళు గూడా చేసేసినాయి. ఒక పొద్దు గవర్నమెంటోళ్ళు వచ్చి టేపు పట్టినారు. నా భుజం మీదనుంచే టేపు పోయింది. నేను కట్ట కాదు సార్, మనిషిని అని చెప్పినా. ఆయన పైకీ కిందికీ సూసి, 'నువ్వు లేకపోతే కొలత తప్పతాది, కదలొద్దు' అని ఎగువకు పోయినాడు."

"అన్నం ఎవరు పెట్నారన్నా?" అని ఒకామె అడిగింది.

"కాలు కట్టలోనుంటే నోరు యాడికి పోతాదమ్మా? భారతమ్మ బోండాలు విసిరేది, నేను అందుకునేది."

"నా అంగడి పైకప్పే ఎగిరిపోయింది ఆ గాలికి" అంది భారతమ్మ. "బోండాలంట!"

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొండ మీద ఇంకో వాన. నీళ్ళు నా గడ్డం దాకా వచ్చినాయి. చెరువు నిండితే ఎచ్చు నీళ్ళు పోయేదానికి ఆ పక్క మొరవ ఉండాది కదా, దాంట్లో చెట్టు కూలి అడ్డం పడింది. నీళ్ళు పోయే దోవ లేదు. కట్ట పైకెక్కి పొర్లినాయంటే మన్ను కరిగి కట్ట మాయమైపోతాది. ఏం చేసేది? నోరు తెరిచినా. ఎచ్చు నీళ్ళన్నీ నా నోట్లో దూరి కుడి చెవిలోనుంచి పారినాయి! ఊర్లోవాళ్ళు మొరవ పారిందని మేళంతో వచ్చినారు. చెరువు మొరవ పోతే పసుపు కుంకుమ చల్లి హారతిస్తారు కదా. మొరవ యాడ, మొరవ యాడ అని ఎతికి ఎతికి, నా చెవికి బొట్టు పెట్టి, హారతిచ్చి, నా భుజం మీదే టెంకాయ కొట్టినారు. ఆ చెవి నీళ్ళకు సత్యవేడు దాకా మూడో పంట పండింది."

"సత్యవేడు యాడ, ఇది యాడ! వంక ఆ దిక్కుకే పోదు" అన్నాడు మునిప్రసాద్.

"వంక పోదు. నా చెవి ఆ దిక్కుకే తిరిగుండాది."

వ్యానుకు ఆనుకున్న ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. ధనంజయ లేచి నిలబడ్డాడు. చేయి ఆకాశం వైపు చూపించాడు.

"కడాకు నాకే విసుగొచ్చింది. గట్టిగా ఒక తుమ్ము తుమ్మినా. మబ్బులు జడుసుకొని వెనక్కి తిరిగి ఒక్క పరుగున తమిళనాడులో పడినాయి. మెడ్రాసులో ఇండ్లల్లోకి నీళ్ళొచ్చినాయంటే దానికి నేనే బాధ్యుణ్ణి. వాళ్ళు నన్ను క్షమించాల. అట్లా కాపాడినా తల్లీ ఈ కట్టని! ఇప్పుడు చెప్పు, భయముండాదా?"

జయంతి తాగని టీ గ్లాసును బల్ల మీద పెట్టింది.

"కాలు ఎప్పుడు పెరికినావన్నా?"

"వాన తగ్గినాక. ఒక్క ఊపున!"

"పూర్తిగా పెరికినావా?"

"పెరక్కపోతే ఈడెట్లా నిలబడుకోనుంటా? సూడు, రెండు కాళ్ళూ."

"సూస్తానే ఉండా" అంది జయంతి. "రెండూ ఈడే ఉండాయి. మరి ఆ బావంత బొక్కలో ఇప్పుడేముండాది?"

నవ్వు ఆగింది.

"ఆడ... ఒక బండ..."

"బావంత బండని ఎవురు మోసినారు? నువ్వేనా?"

"నేనే, ఒంటి చేత్తో..."

"కాలు కట్టలో ఉన్నప్పుడా, పెరికినాకనా? పెరికినాక అయితే, నువ్వు బండ తెచ్చేదాకా నీళ్ళు నీకోసం కాచుకోనుండినాయా? నువ్వు చెప్పినట్లే జూస్తే ఈ కట్టకు బొక్కుండాది, మొరవకు చెట్టు అడ్డముండాది, గట్టిగా ఉన్నది నీ కాలొక్కటే. ఆ కాలికి చెప్పులు తొడిగి టీ తాగను తెచ్చుకున్నావు. పదండమ్మా, వ్యానెక్కండి."

ఆడవాళ్ళు క్యారియర్లు ఎత్తుకున్నారు. మునిప్రసాద్ తాళంచెవులు తీశాడు. రేవులో బాతు పడవలు మెడలెత్తి, ఎవరూ ఎక్కకుండానే ఊగుతున్నాయి. ధనంజయ ఒకసారి వాటిని చూశాడు, ఒకసారి వ్యాను చూశాడు. కథైనా మిగలాలి, బేరమైనా మిగలాలి.

"అమ్మా, ఆగు. బొక్క లేదు."

"ఏంది?"

"బొక్కే లేదు తల్లీ. చింతగింజంత కూడా లేదు. వాన రోజు నేను కట్ట మొహమే సూడలా. ఇంట్లో దుప్పటి కప్పుకోనుండినా."

భారతమ్మ గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆయన నోట అంత పొట్టి మాట ఆమె ఎప్పుడూ వినలేదు.

"మరి మూసి పెట్టింది దేనికి?" అంది జయంతి.

"కట్ట మీద కంపచెట్లు పెరిగినాయి. ఏర్లు లోపలికి పోతే మన్ను గుల్లైపోతాదని పెరికి, కొత్త మన్నేసి దిమ్మిస కొట్టినారు. మొరవలో పూడిక తీసినారు. ఆ పక్క కట్ట కాళ్ళకాడ ఇసకా కంకరా పరిచినారు. అంతే. నేను ముట్టింది ఏమీ లేదు."

జయంతి కట్ట వైపు తిరిగింది. "మాటతో నాకు పని లేదు. చెప్పులిడిచి రా. మా ఊర్లో కట్ట జూసేది కండ్లతో కాదు, అరికాళ్ళతో."

ఆడవాళ్ళంతా చెప్పులు విడిచారు. కట్టకు ఆ పక్కన, దిగువన, ఒకరి వెనక ఒకరు నడిచారు. అందరికంటే ముందు ధనంజయ. మన్ను గట్టిగా, వెచ్చగా, పొడిగా ఉంది. కంకర పరిచిన చోట మాత్రం జయంతి అరికాలికి తడి తగిలింది. ఆమె ఆగింది. అందరూ ఆగారు. వంగి, దోసిట్లోకి ఆ ఊటను పట్టింది. ధనంజయ ఆమె దోసిట్లోకి తొంగి చూశాడు. ఒక్క చిటికెడు మన్ను కలిసి వస్తున్నా ఆమె తిరిగి వ్యాను దాకా ఆగదని ఆయనకు తెలుసు.

నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఆమె గోరింటాకు గీతలు అడుగున కనబడుతున్నాయి.

"తేటగుండాది" అంది జయంతి. "కంకరలో దిగి వస్తా ఉండాది, మన్నుని తెస్తా లేదు. మంచి కట్టే. ఈ ఒక్క మాట ముందే చెప్పుంటే ఈపాటికి ఒక సుట్టు తిరిగొచ్చుందుము కదన్నా!"

కాసేపటికి బాతులన్నీ నీళ్ళ మీద చెల్లాచెదురుగా తిరుగుతున్నాయి. లైఫ్ జాకెట్లు తొడుక్కున్న ఆడవాళ్ళు ఒకరి పడవను ఒకరు గుద్దుకుంటూ కేకలు పెడుతున్నారు. జయంతి అందరికంటే గట్టిగా తొక్కుతోంది. ధనంజయ ఒడ్డున కూర్చుని బుద్ధిగా బజ్జీ నములుతున్నాడు.

అంతలో ఒక ఆటో వచ్చి ఆగింది. మొగుడూ పెళ్ళాం దిగారు. ఆయన నీళ్ళ వైపు చూసి, "ఏమప్పా, లోతెంత ఉంటాదీడ?" అన్నాడు.

ధనంజయ కళ్ళు మెరిశాయి. ఛాతీ పొంగింది. "లోతంటారా? ఒకసారి నేను దీంట్లో మునిగితే..."

భారతమ్మ వేడి వేడి మిరపకాయ బజ్జీ ఒకటి తీసి ఆయన నోట్లో కుక్కింది.

"రొమ్ములోతు" అంది వాళ్ళతో. "లైఫ్ జాకెట్టు తొడుక్కొని ఎక్కండి."