ఆరు సెకన్లు

మార్చి పదకొండో తేదీ మధ్యాహ్నం ఆ గదిలో ఇద్దరే ఉన్నారు: పరిశోధన బృందానికి పెద్ద, ఆయన దగ్గరే చదువుకుని ఆయన దగ్గరే కొలతల లెక్కలు చూస్తున్న శిష్యురాలు. ఆకాశంలో గామా కిరణాల మెరుపు కనిపిస్తే, దానితోపాటు గురుత్వ తరంగం వచ్చిందేమో వెతకడం వాళ్ల పని. మెరుపుకు అటూ ఇటూ కలిపి ఆరు సెకన్లలోనే వెతకాలని, పరికరం నమోదు చేసిన కొలతలు తెరవకముందే బృందంలో అందరూ ఒప్పుకున్నారు.

“దొరికింది కదా, ఇంకేం కావాలమ్మా నీకు?”

“ఆరు సెకన్లలో ఏమీ దొరకలేదు సార్. తెరిచి చూశాక మీరు ఆ వ్యవధిని రెండు నిమిషాలు చేశారు. అంతసేపు వెతికితే పరికరంలోని ఏదో ఒక చప్పుడు తరంగంలా తగలక మానదు.”

“ఆహా. నాకే పాఠం చెప్పేంతదానివయ్యావన్నమాట.”

“పరీక్ష రాశాక ప్రశ్నలు మార్చుకోకూడదని మీరు చెప్పిన పాఠమే సార్.”

“ఏమీ దొరకలేదని రాస్తే ఎవడు చదువుతాడు?”

“ఆ మెరుపు పుట్టించిన పేలుడు మన పరికరానికి అందనంత దూరంలో జరిగిందని తెలుస్తుంది. అది చాలు.”

“నీలాంటివాళ్లకి చాలుతుంది. అందుకే ఇంకా లెక్కలు చూస్తూ కూర్చున్నావ్.”

“అయితే వ్యాసంలోంచి నా పేరు తీసేయండి. ఇదిగో, పేరు తీసేయమని కోరే కాగితం. మీ సంతకం కావాలి.”

“పేరు తీస్తే బృందంలోనూ ఉండవు. తెలుసుగా?”

“తెలుసు. కారణం దగ్గర ఖాళీ వదిలాను. చూశాకే వ్యవధి పెంచామని మీ చేత్తో రాయండి.”

“అది రాస్తే వ్యాసం నిలుస్తుందా, బుద్ధిలేనిదానా?”

తన మాట తనకే వినిపించినట్టు ఆయన ముఖం చిట్లించి, కారణం రాయకుండా ఖాళీలో అడ్డంగా ఒక గీత గీసి, సంతకం చేసి కాగితాన్ని బల్లమీద తోశాడు.

“పో. నీ నిజాయితీకి పటం కట్టించుకుని గోడకు తగిలించుకో.”

ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుంది.