జోగయ్యగారి కూలెంట్ పరీక్ష

జనవరి ఆదివారం. ఢిల్లీ మయూర్ విహార్‌లో ఒక హౌసింగ్ సొసైటీ పార్కింగ్. బోనెట్ ఎత్తిన పాత కారు ముందు రిటైర్డ్ సుబేదార్ జోగయ్య, ఆయన కూతురిని పెళ్ళి చేసుకుంటానని వచ్చిన క్రాంతి. సరిగ్గా వాళ్ళ నెత్తిమీది బాల్కనీలో, క్రాంతి ఊలుటోపీ కింది ఇయర్‌బడ్‌లో వినిపిస్తూ, ఆ కూతురు నవ్యశ్రీ.

"మూత తియ్యమన్నానా లేదా?"

"తీస్తున్నా అంకుల్. ఏ మూత?"

"ఏ మూతా?"

"అంటే... నాకు తెలుసు. ముందు ఏది తియ్యమంటారని."

‘ముట్టుకోకు! అది రేడియేటర్ మూత. అమ్మానాన్నా ఇప్పుడే బండిలో మార్కెట్ నుంచి వచ్చారు. వేడి మీద తీస్తే మరిగే నీళ్ళు మొహం మీదికి చిమ్ముతాయి.’

‘ముందే చెప్పొచ్చు గద!’

"ఎవరితో బాబూ?"

"నాతోనే అంకుల్. పనిచేసేటప్పుడు నాతో నేనే మాట్లాడుకుంట. బండి వేడిగా ఉంది, చల్లారేదాకా మూత తియ్యకూడదు. మొహం కాలుతుంది."

"చల్లారేదాకా తియ్యకూడదు అంటావు. మొహం కాలుతుంది అంటావు."

"అవును అంకుల్."

"ఊఁ... ఊఁ... శాబాష్! అదే నేను సూడాలనుకున్నా. నీకు ముందు వచ్చిన రెండు సంబంధాలూ ఈ బోనెట్ దగ్గరే తేలిపోయాయి. ఒకడు ఇంజన్ని చల్లబరిచే కూలెంటుని ఏసీ గ్యాసన్నాడు. ఇంకోడు బోనెట్ తెరవమంటే డిక్కీ తెరిచాడు."

"అయ్యో."

"అయ్యో ఏటి? మా బండి సూసుకోలేనోడు మా పిల్లనేం సూసుకుంటాడు? టీ తాగొద్దాం రా. ఈలోగా చల్లారుద్ది. ఇంతకీ ఆ టోపీ ఏటి, చెవుల దాకా?"

"చలి అంకుల్. మీ టోపీ కూడా..."

"నాది వయసు చలి."

*

"టీ అయింది. బండీ చల్లారింది. ఇక కానియ్."

"మూత తీసేశా అంకుల్."

"లోపల ఏ రంగుంది?"

"లోపల... ఏ రంగుందంటే... లోపల ఏ రంగుందని అడుగుతున్నారు అంకుల్."

‘క్రాంతి, పాగల్, రంగు నువ్వు చూడాలి! నేను బాల్కనీలో ఉన్నాను యార్!’

"గోధుమ రంగు! తుప్పు రంగు అంకుల్!"

"తుప్పు రంగా? లోపల తుప్పు రంగుందంటున్నావు. ఊఁ... అయితే పాతదంతా తీసి పారెయ్యాల్సిందే."

‘నవ్యా, నేనేమంటే మీ నాన్న మళ్ళ అదే అంటున్నడు. ఎందుకు?’

‘ఆర్మీ అలవాటు. వైర్‌లెస్‌లో విన్నది తిరిగి చెప్పాలట. నువ్వు ట్రే పెట్టి రేడియేటర్ కింద ప్లగ్ తిప్పు. కింద ఒలికించకు, అది తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకితే చచ్చిపోతాయి.’

"అంకుల్, ఆ వీధికుక్క ఇటే వస్తోంది, కొంచెం తోలండి. ఇది నాకితే విషం."

"విషమా? కుక్క నాకితే విషమా! ... ఊఁ. అవునవును. విషమే. హట్, హట్! అది కూడా తెలుసన్నమాట నీకు. గురుగ్రామ్‌లో నువ్వు చేసేది సాఫ్ట్‌వేరేనా?"

"సాఫ్ట్‌వేరే అంకుల్. కార్లంటే చిన్నప్పటి నుంచి ప్రాణం."

‘అబద్ధాలు తగ్గించు. నిన్నటిదాకా నీకు స్టెప్నీ టైరంటే ఏంటో తెలీదు.’

‘నువ్వు ఇంత తెలివిగా ఎట్ల పుట్టినవ్?’

‘అమ్మ నేర్పింది. అమ్మకి నాన్న నేర్పారట. నాన్న సరిహద్దులో ఉంటే బండి అమ్మే చూసుకునేది. ఇప్పటికీ ఎక్కువ నడిపేది తనే.’

‘ఆంటీ ఏం చేస్తున్నరు? బాల్కనీలకి వస్తే నువ్వు దొరికిపోతవ్.’

‘వంటింట్లో పెసరట్లు వేస్తోంది. ఫోన్ చెవికి పెట్టుకుని పిన్నితో ఒకటే మాటలు. ఈ ప్రపంచంలో లేదు.’

"బాబూ, ఏటి కిందకి సూసి గొణుగుతున్నావు?"

"ప్లగ్ బిగిస్తున్నా అంకుల్. అయిపోయింది. కొత్త కూలెంట్ పోద్దాం. ఎర్రదా, పచ్చదా?"

"ఏదైనా ఒకటే. రెండూ కలిపి కొట్టు."

"రెండూ కలపాలా?"

"ఆఁ, కలిపి... ఊఁ? ... ఊఁ! కలపకూడదు! నిన్ను పరీక్షించా. రెండూ కలిపితే లోపల ముద్ద కట్టి గొట్టాలు మూసుకుపోతాయి. తెలుసా?"

‘ముందు పోసింది పచ్చదే, మళ్ళీ అదే పొయ్యాలి.’

"తెలుసు అంకుల్! ముందు ఉన్నది ఏదైతే అదే పొయ్యాలి. పచ్చది."

"మరి నీళ్ళు?"

"నీళ్ళు? నీళ్ళు ఎన్ని, ఏ నీళ్ళు అని అడుగుతున్నారా అంకుల్, నీళ్ళు?"

‘సగం సగం. కుళాయి నీళ్ళు వద్దు, ఉప్పు పేరుకుంటుంది. బ్యాటరీ నీళ్ళ క్యాన్ ఉంటుంది చూడు.’

"కూలెంట్ సగం, బ్యాటరీలో పోసే నీళ్ళు సగం. కుళాయి నీళ్ళు పోస్తే ఉప్పు పడుతుంది అంకుల్."

"సగం సగం అంటావు. ఉప్పు పడుతుంది అంటావు. ... ఊఁ... ఠీక్ హై, ఠీక్ హై. ఒక్క ప్రశ్న మిగిలింది. అది చెప్పావా, పైకెళ్ళి నా నోటితో నేనే అవునంటా."

‘విన్నావా! క్రాంతి, విన్నావా! ఇంకొక్కటే!’

‘అరవకు, చెవి పగుల్తది!’

"నేను స్టీరింగ్ దగ్గర కూసుంటా. స్టార్ట్ చేస్తా. నువ్వు మూత దగ్గరుండు. లోపల ఇరుక్కున్న గాలి ఎలా తీస్తావో చెప్పు."

‘నవ్యా, కారు స్టార్ట్ చేస్తున్నడు. ఏమన్నా అయితదా?’

‘ఏం కాదు. ఆ కొత్త మ్యూజిక్ సిస్టమ్ ఉంది కదా, పైన ఇంట్లో ఉన్నా సరే, మా ఫోన్లలో ఏది దొరికితే అది పట్టేసుకుంటుంది. కాల్‌లో ఉంటే ఆ కాల్ కార్లోకి వెళ్ళిపోయి అవతలివాళ్ళ గొంతు స్పీకర్లలో వస్తుంది. అందుకే నా బ్లూటూత్ ముందే ఆపేశా. చూశావా నా బుర్ర?’

‘నీ బుర్రకి దండం.’

"స్టార్ట్ చేశా బాబూ! చెప్పు. గాలి ఎలా..."

"గాలి ఎలా..."

"ఏటది? ఎవరు?"

"ఏటది? ఎవరు?"

"అంకుల్, మీరు ఒక మాట రెండుసార్లు ఎందుకు అంటున్నారు?"

"నేను ఒక్కసారే అన్నా! రెండోది బండంది!"

"రెండోది బండంది!"

"అంకుల్, మీ గొంతు స్పీకర్లలోంచి వస్తోంది!"

"కమలా! కమలా, ఇనబడుతోందా? ఇప్పుడేటి చెయ్యాలి?"

"కమలా! కమలా, ఇనబడుతోందా? ఇప్పుడేటి చెయ్యాలి?"

"అంకుల్, కమల ఎవరు?"

"ఎవరూ లేరు! నాతో నేనే మాట్లాడుకుంటున్నా! బాబూ, ఇక్కడ ముల్లు పైకి పోతోంది! వేడి ముల్లు! సగం దాటేసింది!"

"దాటితే ఏం చెయ్యాలి అంకుల్?"

"నాకేం తెలుసు!"

"మీకు తెలీదా?"

"నీకు తెలీదా? చిన్నప్పటి నుంచి ప్రాణమన్నావు!"

"నవ్యా! నవ్యా, గట్టిగ చెప్పు, ముల్లు పైకి పోతుందట!"

‘హీటర్! హీటర్ నాబ్ ఎర్ర వైపు చివరిదాకా! ఫ్యాన్ పెంచు! నీ మొహం మూతకి దూరంగా పెట్టు!’

"అంకుల్, హీటర్! ఎర్రగా ఉంటుంది చూడండి, ఆ వైపు చివరిదాకా తిప్పండి! ఫ్యాన్ కూడా!"

"ఇది వైపరు!"

"దాని పక్కది అంకుల్!"

"ఇది హారను!"

"గుండ్రంగా ఉన్నది! గుండ్రంగా!"

"దొరికింది! తిప్పేశా! ఎర్ర వైపు!"

"బుడగలొస్తున్నాయి! నవ్యా, బుడగలొస్తున్నయ్, గుడగుడమంటున్నయ్!"

‘అదే గాలి. రానీ. మట్టం తగ్గితే కలిపింది కొంచెం కొంచెంగా పొయ్యి.’

"పోస్తున్న... పోస్తున్న... బుడగలు ఆగిపోయినయ్. అంకుల్, ముల్లు?"

"దిగుతోంది. దిగుతోంది బాబూ. దిగిపోయింది! సగం కిందకి దిగి నిలబడింది!"

"దిగిపోయిందా అంకుల్!"

"దిగిపోయిందిరా అబ్బాయ్!"

"మనం చేసేశాం అంకుల్!"

"చేసేశాం! ... ఇంజను ఆపుతున్నా. హమ్మయ్య. బండి నోరు మూసుకుంది."

"మూత బిగించేశా అంకుల్."

"ఏటలా సూస్తావు?"

"ఏం లేదు అంకుల్. మీరెందుకలా చూస్తున్నారు?"

"ఆర్మీలో నేను క్యాంటీన్ స్టోర్స్ సూసేవోణ్ణి బాబూ. పప్పూ, ఉప్పూ, సబ్బులూ. ఈ సంగతి ఇంట్లో ఒక్కళ్ళకే తెలుసు."

"నాకు నిన్నటిదాకా స్టెప్నీ అంటే ఏంటో తెలీదు అంకుల్. ఈ సంగతీ మీ ఇంట్లో ఒక్కళ్ళకే తెలుసు."

"అలగా. అయితే నిజం సెప్పు. ఆ టోపీ కింద ఎవరున్నారు?"

"నవ్య అంకుల్. మరి మీ టోపీ కింద?"

"మీ అత్తగారు."