అక్క మాట వినపడని ఫోన్

హలో… ఆ, నేనేనక్కా, నరేంద్రని… హలో? … గొంతు తెగి తెగి వినపడుతోంది… సగం మాటే వస్తోంది… నీ ఫోనేనక్కా, నాది బానే ఉంది.

… జగ్గయ్యపేట వెళ్ళొచ్చావా? ఫోన్ షాపుకా? … పెనుగంచిప్రోలు నుంచి ఈ ఎండలో ఆటో ఎక్కి పోయావా, దీనికోసం?

… ఏం చూసాడు? … కింద చిల్లు బ్రష్‌తో తుడిచాడా… ఆ, మైకుండేది అందులోనే. దుమ్ము పడితే అంతే… పౌచ్ కూడా తీసేసి చూసాడా…

… ఏ లోపం లేదన్నాడా.

… వాడికేం తెలుసులే… సరే సరే, అరవకు. ఇప్పుడు కాస్త వస్తోంది. ఓసారి ఆపి మళ్ళీ పెట్టావా? … రెండుసార్లా. సిమ్ తీసి తుడిచావా? … చీరకొంగుతోనా! … లేదు, నవ్వట్లేదు. పోనీ, స్పీకర్ నొక్కి చూడు. బాకాలాంటి బొమ్మ ఉంటుంది… ఆ, అదే.

… వస్తోంది.

… అవును, అందరికీ వినపడుతుంది, నాకొక్కడికే… నా ఫోనే పాడైందంటావా… అయ్యుండొచ్చు. పాతదేగా.

… ఏంటి పంపేది? … వద్దు. … వద్దంటుంటే! యశస్విని నీకని కొనిపెట్టిన ఫోన్ నాకెందుకక్కా? కూతురు ముచ్చటపడి ఇస్తే… ఇది మాట్లాడటం అవగానే డబ్బాలో పెట్టేస్తావా… సతీష్‌బాబు ఆటో నందిగామ వస్తోందా… మరి నీకు? … బావ ఫోన్‌తోనే సరిపెట్టుకుంటావా…

…

అక్కా. ఆగు. ఆ ఆటో అతనికి ఇవ్వకు.

… నా ఫోన్ బానే ఉంది. నీదీ బానే ఉంది. … అదే చెప్తున్నా. ఈ నెల్లాళ్ళూ నువ్వు చేసినప్పుడల్లా వినపడుతూనే ఉంది. ప్రతి మాటా. వినపడట్లేదని చెప్పి నేనే పెట్టేసా.

… ఎందుకంటే… మిరప నారు సంగతి అడుగుతావని.

… బావ చేలో వేసింది. నే పంపింది. … వాడిపోతోందని మొదటి ఫోన్‌లోనే అన్నావుగా. మీ బావే నీళ్ళెక్కువ పెట్టాడేమోరా అన్నావు… నీళ్ళు కాదక్కా. బావ తప్పేం లేదు.

… ఎలా చెప్పను… వీరులపాడులో మన నర్సరీలో మంచి మళ్ళన్నీ బయటివాళ్ళకి ఇచ్చేసా. వాళ్ళు ఏరుకుంటారు, పేచీ పెడతారు. మీరు మనవాళ్ళు, ఏదిచ్చినా నోరెత్తరు కదా అని చివరి మడి మీకుంచా. పీకేటప్పటికే నారు వేళ్ళు కుళ్ళి నల్లబడి ఉన్నాయి.

… చూసా అక్కా. చూసే, తడిగోనె చుట్టి ఆటో ఎక్కించా.

…

అక్కా? … తిట్టు, పోనీ.

… ఏంటి? … స్పీకర్ ఇంకా తియ్యలేదా… పక్కన ఎవరు?

…

బావా… ఎప్పట్నించి ఉన్నారు… మొత్తం విన్నారా.

… కాదు బావా. ముందు చెప్పాల్సింది మీకే. మొహం చెల్లలేదు. … అవును, చుట్టరికం చూసుకునే చేసా. బయటివాడికైతే చేసేవాణ్ణి కాదు… ఆ మాట మీరంటే పడాల్సిందే.

… మళ్ళీ ఏం వెయ్యాలన్నా ముందు అది తీసెయ్యాలి, నిజమే. … కూలీలకి చెప్పొద్దు. నేనొస్తా… రెండెకరాలైతే ఏం, ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు. ఒక్కణ్ణే పీకుతా… టిఫిన్‌లవీ వద్దని చెప్పండి బావా అక్కకి. తినలేను… పార కూడా తెచ్చుకుంటా.

… అక్కర్లేదా? ఎందుకని?

… రెండు వేళ్ళతో పట్టుకుంటే చాలా, మొక్కలు ఊడొచ్చేస్తున్నాయా…

… అన్నీనా బావా…

…

పొద్దున్నే మొదటి ఆటోకి వస్తా… ఆ… పెట్టేస్తున్నా.