మూలజెండా పక్కన క్లైవ్

కాదు క్లైవ్, తప్పంతా నాదేనంటే ఎలా? మన ఆక్లీ మైదానంలో ప్లాస్టిక్ గడ్డి పరిచింది నేనా?

నీ బూడిద మన గోల్ స్తంభాల కింద కలపమని చెప్పి పోయావు. సరే, డబ్బా పట్టుకుని క్లబ్బు ఆఫీసుకి వెళ్ళా. అక్కడి పిల్ల ఏమందో తెలుసా? ప్లాస్టిక్ మీద పోస్తే ఇంకదండీ, సోమవారం మిషన్ పెట్టి ఊడ్చేస్తారు అంది. నలభై ఆరేళ్ళు కాపురం చేసిన మనిషిని చెత్తలోకి పోనిస్తానా?

మరి మన పోటీ క్లబ్బు, ఈ రాస్‌వర్త్ వాళ్ళ మైదానంలో ఎందుకు పోశావంటావు. చెవినిల్లు కట్టుకుని పోరింది నువ్వేగా? "రగ్బీలో సొంత మైదానమంటే, ఆట మొదలవకముందే ఆరు పాయింట్లు చేతిలో ఉన్నట్టే మొరీన్" అని. పంతొమ్మిదేళ్ళుగా మనాళ్ళు ఇక్కడ గెలిచిన పాపాన పోలేదు. మనవాడొకడు ఇక్కడే ఉండిపోతే ఆ ఆరూ మనకొస్తాయేమో అనుకున్నా. మార్చిలో మన ఆట ఉన్నరోజు నిన్ను టీ ఫ్లాస్కులో తెచ్చి, ఈ కంచె మీంచి మూలజెండా పక్కన వంపేశా.

ఆరోజు మనకి ఆరు వచ్చాయి. వాళ్ళకి నలభై.

నవ్వకు.

ఇంట్లో నీ ఖాళీ కుర్చీ చూస్తూ కూర్చోలేకపోయా. ఈ మూలలో సీటిచ్చేది వాళ్ళ సీజన్ టికెట్ ఉన్నవాళ్ళకే. కొన్నా. పక్క సీటు బెరిల్ మంచిదే. చలేస్తోందని తన మఫ్లర్ నాకు కప్పింది. అవును, వాళ్ళ రంగులదే. చలికి రంగులేమిటి? విరామంలో తన బఠాణీల్లో సగం నాకు పెడుతుంది. మన క్లబ్బు బఠాణీల కంటే బాగుంటాయి, ఉన్నమాటే చెప్తున్నా.

ఇవాళ కప్పు ఆట. వచ్చింది మనాళ్ళే. చివరి నిమిషం దాకా రెండు పాయింట్లు ముందున్నారు. అప్పుడు వాళ్ళ వింగరు గీత వెంబడి పరిగెత్తుకొచ్చి, సరిగ్గా నీ మీద పడి బంతి నేలకి ఆనించాడు. దాంతో ఆట వాళ్ళదైపోయింది. లేచేసరికి వాడి ఛాతీ నిండా మట్టి. అందులో నేల ఎంతో, నువ్వెంతో.

నేనేమో... చెప్పేస్తా, నీ దగ్గర దాపరికమేముంది. లేచి నిలబడి చప్పట్లు కొట్టా. బెరిల్ కంటే ముందే లేచా.

మన ఆక్లీ మీద, క్లైవ్. సిగ్గేసింది. కూర్చున్నాక కూడా చేతులు ఆగలేదు.

సర్లే, అలగకు. ఒకటి మాత్రం నిజం. నిన్నిక్కడ పోసినప్పటి నుంచి, ఈ మైదానంలో మనం ఒక్క ఆటా ఓడలేదు.