బెల్జియం రెక్కలు

ఫాయెట్‌విల్‌లో నాది నలుగురు కూర్చుంటే నిండిపోయే మంగలి షాపు. వచ్చేవాళ్లంతా పారాచూట్ పటాలంలో చేసి దిగిపోయినవాళ్లే. జుట్టు తక్కువ, కోతలెక్కువ.

క్రిస్మస్ ముందు పటాలం వాళ్లు పేదపిల్లల కోసం బొమ్మలు పోగేస్తారు. కొత్త బొమ్మ తెచ్చిన సైనికుడికి ఒక చీటీ ఇస్తారు. లాటరీలో ఆ చీటీ తగిలితే, పరాయి దేశపు సార్జెంటు ఆజ్ఞ మీద విమానంలోంచి దూకొచ్చు. కిందికి దిగాక ఆయన తన దేశపు రెక్కల బిళ్ల ఛాతీకి గుచ్చుతాడు. ఈ ఏడాది కుర్రాళ్లకు ఆ బిళ్లలు గుచ్చడానికి, ఆ సార్జెంట్ల పక్కన నిలబడేందుకు, మా షాపు నుంచి ఒక పాత సైనికుణ్ని పంపమన్నారు. అదెంత గౌరవమో మాకు తెలుసు. రెక్కలు ఎలా సంపాదించాడో బాగా చెప్పినవాణ్నే పంపుదామనుకున్నాం, పోటీలో మిగిలింది ఇద్దరు.

మొదటివాడు వెస్టర్. జర్మనీ రెక్కలున్నాయి.

"నీ కథేంట్రా?" అనడిగాను.

"దూకాను. దిగాను."

"అంతేనా?"

"ఇంకేం ఉంటుంది?"

రెండోవాడు డెల్బర్ట్ క్రంప్లర్ గొంతు సవరించుకున్నాడు. అప్పుడు నా కుర్చీలో ఎవరో విదేశీయుడు వెనక్కి వాలి ఉన్నాడు, గడ్డం గీయించుకోడానికి. మొహం మీద వేడి తువ్వాలు కప్పి ఉంచాను.

"చూడండర్రా, నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాను," అని మొదలెట్టాడు డెల్బర్ట్. "పదిహేనేళ్ల కిందటి మాట. ఎర్ర మూడుచక్రాల సైకిలు చంకన పెట్టుకుని రాత్రంతా లైన్లో నిలబడ్డాను. మంచు కురుస్తోంది, కన్ను మూతపడితే ఒట్టు! తెల్లారాక చీటీ తీశారు, నాదే. బెల్జియం సార్జెంటు."

"రాత్రంతా నిద్దర్లేదా?" అన్నాడు వెస్టర్.

"నిద్రా? నాకా? విను ముందు. విమానం ఎక్కాం. కింద గాలి ఎక్కువగా ఉందని గంటలకొద్దీ చుట్లు కొట్టారు. ఒకడు కక్కుతున్నాడు, ఒకడు ప్రార్థన చేస్తున్నాడు, నేనేమో కాలు మీద కాలేసుకుని ఈల వేస్తున్నాను. ఆ సార్జెంటు వాళ్ల భాషలో ఏదో అరిచాడు, ఎవడికీ బోధపడలేదు, నేనే అందరికీ విడమర్చి చెప్పాను. అందరికంటే ముందు దూకిందీ నేనే. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"దిగావు."

"అదీ నీ బుర్ర! కిందికి దిగలేదురా, పైకి పోయాను! గాలి అలా లేపింది. మా విమానాన్నే దాటేశాను, పైలట్ కిటికీలోంచి చెయ్యూపాడు. అంతలో ఒకడి పారాచూట్ విచ్చుకోలేదు, వాణ్ని కాలరు పట్టి లాగాను. వాడి కాలు ఇంకొకడు, వాడి కాలు మరొకడు పట్టుకున్నారు. అరటిగెలలా అంతా నాకే వేలాడారు!"

"ఎంతమందేంటి?" అన్నాను. నోరు తెరిచి వింటూ తువ్వాలు సంగతే మరిచిపోయాను.

"లెక్కపెట్టే తీరికెక్కడిది ఆల్టన్? అడవి బాతుల గుంపు అడ్డొచ్చింది, పెద్దదాన్ని ఒక్క తన్ను తన్నాను. అందర్నీ మోసుకుని మైదానంలో జనరల్ గారి భోజనాల బల్ల మీద దిగాను. ఆయన పళ్లెంలో పంది మాంసం ఒక్క ముక్క కదల్లేదు! బెల్జియం సార్జెంటు పరుగెత్తుకొచ్చి కౌగిలించుకుని ఏడ్చాడు. పెట్టెలో కొత్త బిళ్లలున్నా, తన సొంత చొక్కా మీది బిళ్ల పీకి నాకు గుచ్చాడు. ఇదుగో!"

అందరం ముందుకు వంగాం. బిళ్ల ఎడమ కొన వంగి ఉంది.

"ఈ సొట్టేంటి?" అన్నాడు వెస్టర్.

"ఆ తన్ను తిన్న బాతు పగబట్టి కిందిదాకా వచ్చి కొరికింది."

"కొరికిన మాట నిజమే," అని తువ్వాలు కిందనుంచి ఒక గొంతు వినిపించింది. "బాతు కాదు. నా కూతురు. పళ్లొచ్చే వయసులో."

నా చేతిలో కత్తి జారి కిందపడింది. ఆయన తువ్వాలు తీసి లేచి కూర్చున్నాడు. డెల్బర్ట్ మొహంలో నెత్తురు చుక్క లేదు. దయ్యాన్ని చూసినవాడు కూడా అలా బిగుసుకుపోడు.

"యోస్ట్ వెర్‌హాగెన్, బెల్జియం. ఈ ఏడాది కూడా దూకించడానికి వచ్చాను," అన్నాడాయన. "ఆ రోజు విమానంలో నువ్వు గురక పెట్టి నిద్రపోయావు. లేవమంటే 'సరే' అన్నావు, మళ్లీ పడుకున్నావు. రాత్రంతా బొమ్మ పట్టుకుని నిలబడ్డవాడు కదా, తిట్టబుద్ధి కాలేదు. చలికి వణుకుతున్నావని నా కోటు తీసి నీకు కప్పి, మిగతావాళ్లతో నేను దూకేశాను. సాయంత్రం కోటు తిరిగొచ్చింది. దాని మీద బిళ్ల లేదు. ఎక్కడో ఊడిపోయిందనుకుని ఆ మైదానమంతా మోకాళ్ల మీద వెతికాను."

పదిహేనేళ్లుగా మాకు తెలిసిన డెల్బర్ట్ కోతలరాయుడేగానీ దొంగ కాదు. వెస్టర్ కూడా నవ్వలేదు.

"మరి డెల్బర్ట్ కిందికెలా వచ్చాడు?" అన్నాను, అడక్కుండా ఉండాల్సింది.

"విమానం దిగింది," అన్నాడాయన. "అందులో ఉన్నాడు."

డెల్బర్ట్ బిళ్ల విప్పి ఆయన అరచేతిలో పెట్టాడు. టోపీ తీసుకుని బయటికి నడిచాడు. తలుపు గంట మోగింది.

వెర్‌హాగెన్ ఆ వంగిన కొనను బొటనవేలితో నిమిరి, వెస్టర్ వైపు తిరిగాడు.

"నువ్వేం చేశానన్నావు?"

"దూకాను. దిగాను."

"శనివారం పొద్దున్నే మైదానానికి వచ్చెయ్, నా పక్కన నిలబడుదువు."