నాయన ముడి

1984 డిసెంబరు, ఒక శనివారం పొద్దున. ఆళ్లగడ్డలో ఓబులమ్మ ఇంటి వసారా. తొలి బస్సుకు నంద్యాల నుంచి వచ్చిన చెల్లెలు ఆదెమ్మ ఇంకా చెప్పులైనా విప్పలేదు, కోపం మాత్రం అప్పుడే విప్పేసింది.

"...అందురూ ఒట్టు పెట్టుకున్యారు, మీరు తప్ప. రుద్రవరం సంఘమోళ్లు పెట్టుకున్యారు, ఉయ్యాలవాడోళ్లు పెట్టుకున్యారు, బనగానపల్లెలో సగం మంది పెట్టుకున్యారు. మా అక్క ఉండే ఊర్లోనే ఒక్కరూ పలకరు. నంద్యాల్లో నా తల యాడ పెట్టుకోవల్లో చెప్పు."

"ముందు రొవంత మజ్జిగ తాగు మే. బస్సులో నిలబడి వచ్చినట్లుండావు."

"మజ్జిగకు రాలేదక్కా నేను. రేపు ఆరాధన అయినంక నువ్వు లేసి చెప్పల్ల. మా పని తీసేసిన కంపెనీ కొత్త కీర్తనల పుస్తకం మేం కొనం, ముట్టం అని. ఒక్క మాట. స్త్రీల సమాజం పెద్దవు నువ్వు. ఓబులమ్మ లేస్తే అందరూ లేస్తారని మీ గుడి దేవసహాయం అయ్యగారే జాబు రాసినాడు నాకు."

"జాబు రాసినాడా? మీ ఆయన ఏలీయా చూసినాడా దాన్ని?"

"ఆయనకు చూపియ్యలేదు. ఆళ్లగడ్డ సంగతి నేను చూసుకుంటాలే అని ఈస్టరు కాడి నుంచి చెప్తానే ఉండాడు. చూసుకునింది ల్యా, చేసింది ల్యా. ఇంగ ఇది కాదనుకోని నేనే బస్సెక్కినా."

"అంటే నువ్వు ఈడికొచ్చినట్లు ఏలీయాకు తెలీదు."

"తెల్లారకముందే సంచి తగిలించుకోని ఉయ్యాలవాడకు పాయ. శనివారం వస్తే ఇంట్లో యాడుంటాడు ఆయన? ఊరూరూ తిరిగి కొనొద్దండి, కొనొద్దండి అని చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్యాడు, పాపం. యాలక్కా, రెండుసార్లు అడుగుతాండావ్?"

"ఊరికెనే. పదకొండు గంటల బస్సు ఉంది. అది పోతే మళ్లా సాయంత్రం దాకా ల్యా. పిల్లోళ్లు ఎదురు చూస్తాంటారు."

"వచ్చి ఇంగా కూచోనే లేదు, పొమ్మంటాండావే!"

"పొమ్మనలేదు మే. చెప్తాండా."

"సరే, రేపు చెప్తావా, చెప్పవా?"

"ఆదీ, నాకొకటి అర్థం కాదు. కొనకుంటే కంపెనీకేం పోతాది? ఇది కాకుంటే ఇంగోటి అచ్చేసి అమ్ముకుంటారు. నష్టమంతా కుట్టేటోళ్లకే గదా. యాడుంటే ఏం, వాళ్లు కూడా ఆడోళ్లే."

"యాడుంటే ఏమా? సింగపూరు ఆడోళ్ల మీద నీకు జాలేందక్కా? పద్దెనిమిది మందిమి మేం. అచ్చయిన కాయితాలను ఫారాలుగా మడిచి, కుట్టి, అట్టలేసి ఇరవై ఏండ్లు కంపెనీ షెడ్డులో నడుములు ఇరగ్గొట్టుకున్యాం. ఒకరోజు పోతే తాళం! ఇంగ అచ్చు సింగపూరులోనే, కుట్టేది కూడా ఆన్నే, పుస్తకాలు ఓడెక్కి వస్తాయి, మీరు ఇండ్లకు పోండమ్మా అన్యాడు మేనేజరు. ప్రభువు కీర్తనలు అక్కా! మన నోట్లో పుట్టిన పాటలు. వాటిని తీసకపోయి తెలుగు ముక్క తెలీనోళ్ల చేతిలో పెట్టినారు."

"తెలుసు మే. ఆ రోజు నువ్వు ఏడ్చుకుంట వచ్చింది ఈడికే గదా."

"ఆ రోజు నా తల నీ ఒళ్లో పెట్టుకోని ఏమన్యావు? కడుపు మీద కొట్టినోళ్ల పుస్తకం నేను చచ్చినా పట్టుకోను అన్యావు. అన్యావా, లేదా?"

"అన్యా."

"మరి? క్రిస్మస్‌కు సరుకు కదలకుంటే షెడ్డు మళ్లా తెరవక తప్పదని మేనేజరే నోరు జారినాడంట. ఇంగ పది రోజులే ఉండేది. ఆళ్లగడ్డ ఒక్కటి నిలబడితే చాలు, నా పని నాకు వస్తాదక్కా. నాకు పని కావల్ల. రెండేండ్లుగా పొలాల్లో పత్తి ఏరుతాండా. ఈ చేతులు చూడు."

"చూస్తాండా."

"చూడటం ల్యా నువ్వు. గోడ పక్క చూస్తాండావ్. ఏందక్కా, ఇంట్లో ఈ వాసన? మైదా బంక ఉడికించినట్లుంది. మైలతుత్తం కూడా ఏసినావే!"

"గోడకు క్యాలెండరు అంటిచ్చినా."

"క్యాలెండరుకు తుత్తం యాల? పురుగు పట్టకుండా పుస్తకాల బంకలో గదా ఏసేది."

"నాయన చేసినట్లు చేసినా. అలవాటు. నువ్వేంది మే, పోలీసు మాదిరి!"

"ఏలికి గుడ్డ యాల కట్టినావు?"

"కత్తిపీటకు తెగింది."

"లోపల గదికి గొళ్లెం?"

"ఎలకలు. మజ్జిగ తాగు, చల్లారిపోతాది."

"మజ్జిగ చల్లారేదేందక్కా? నీకు మతి ఉందా ఈ పొద్దు?"

"ల్యా మే. పొద్దున్నుంచి తల తిరుగుతాంది. రేపటి సంగతి రేపు చూస్తాంలే. నువ్వు బేగా లెయ్, బస్టాండు దాకా నేనూ వస్తా."

"లేస్తా గానీ, దీన్ని చూసి చెప్పు ముందు. మా ఆనందరావు అయ్యగారి కాడ అడిగి తెచ్చినా. మీ ఆడోళ్లకు చూపిద్దువని."

"ఏంది అది, గుడ్డలో?"

"ఆ పుస్తకమే. గుడ్డ మీంచే పట్టుకున్యా, ముట్టలేదు. ఒట్టు ఒట్టే. ఈస్టరు నుంచి మా పద్దెనిమిది మందిలో ఒక్కత్తి కూడా దీన్ని ఏలితో తాకలేదు. కొత్తది తెచ్చుకోని పాడేటోళ్ల పక్కన కూడా కూచోలేదు. అంత నిష్ట!"

"విప్పొద్దు మే."

"యాల?"

"ముట్టనని ఒట్టు పెట్టుకోని విప్పుతావా?"

"నేను ముట్టను. నువ్వు ఒట్టు పెట్టుకోలేదు గదా, నువ్వు తిప్పు. బంగారు రంగు ఎట్ల పూసినారో చూడు అంచుకు. దొరసాని మాదిరి ఉంది గదా? తిప్పు. ...అబ్బా, ఎంత బాగా తిప్పుతాండావక్కా! పెండ్లయి ఈడికొచ్చి ముప్పై ఏండ్లయినా నాయన దగ్గిర నేర్చిన చెయ్యి పోలేదు నీకు."

"చూసినా. బాగుంది. కట్టెయ్."

"ఆఖరు ఫారం తెరువు."

"యాల?"

"యంత్రం కుట్టు ఎట్లుంటాదో చూద్దామని. సింగపూరులో సూది పట్టేది మనిషి కాదంట, అంతా యంత్రమేనంట. మీ మరిది చెప్పినాడు."

"కుట్టు కుట్టు మాదిరే ఉంటాది. దాంట్లో చూసేదేముంది?"

"తెరువక్కా."

"తెరవను."

"తెరవవా?"

"ఆదీ, నీకు దండం పెడతా. బస్సు పోతాది."

"పోనీ. ఇటియ్యి ఆ పుస్తకం."

"ఒట్టు మే! నీ ఒట్టు!"

"మట్టి గొట్టుకపోనీ ఒట్టు! ఇటియ్యి!"

అట్లా ఎనిమిది నెలల నిష్ఠ ఓబులమ్మ వసారాలో ఒక్క గుంజుడుకు తెగిపోయింది.

"ఆదీ, ఏం చూస్తాండావ్ మే?"

"ఎడమకు మూడు మెలికలు. ఆఖరు ఫారం నడిమధ్యన ముడి. దారం కత్తెరతో కోయలేదు. పంటితో కొరికినారు. కొస నలిగింది చూడు."

"ఆదీ..."

"కత్తెర పెడితే ముడి జారతాది, పన్ను పెడితే పట్టుకుంటాది. ఎవురు చెప్పినారక్కా ఆ మాట?"

"నాయన."

"నాయనది ఎడంచేతి వాటం. అందుకే మెలిక ఎడమకు. షెడ్డులో పద్దెనిమిది మందిలో ఈ ముడి నా ఒక్కదానిదే. నాయన నేర్పించింది ఇద్దరికే. ఒకత్తి నంద్యాల్లో పత్తి ఏరుతాంది. రెండోదానివి నువ్వు. సింగపూరుకు ఎప్పుడు పోయినావక్కా?"

"నేను యాడికీ పోలేదు."

"తెలుసు. గొళ్లెం తీ."

"తీసేది ఏముంది. లోపల ఫారాలే. అచ్చు మటుకు ఆన్నే అవుతాది, అది నిజం. విడి కాయితాలు ఓడలో మద్రాసుకు వస్తాయి, మద్రాసు నుంచి ఈడికి. మడిచేదానికి పన్నెండు మంది ఆడోళ్లు వస్తారు, కొత్త కాయితాలు రాలేదని ఈ పొద్దు మానుకున్యారు. ఆఖరు ముడి నేనే ఏస్తా."

"ఎన్నాళ్ల నుంచి?"

"మీ షెడ్డు మూసిన మూడు నెలలకు."

"నా తల నీ ఒళ్లో పెట్టుకున్న మూడు నెలలకు."

"మీ బావ పోయి అప్పటికి నలభై రోజులు మే. పొయ్యి మీద ఎసరు పెట్టి, ఏసేదానికి గింజ లేక నీళ్లు పారబోసినా. పని ఉంది, చేస్తావా అంటే చేస్తా అన్యా. ఏం పనో తర్వాత చెప్పినారు."

"తర్వాతన్నా నాకు చెప్పింటే? ఒక్క మాట! ఇద్దరం కుట్టేటోళ్లం గదక్కా. నంద్యాల నుంచి నడుచుకుంటన్నా వచ్చేదాన్ని."

"అదే వద్దన్యారు. నంద్యాలోళ్లకు తెలీకూడదు, తెలిస్తే పాత కూలి అడుగుతారు అన్యారు. ఈడ ఇచ్చేది దాంట్లో సగం. బైబిలు మీద చెయ్యి పెట్టించుకున్యారు."

"అంటే నువ్వూ ఒట్టు పెట్టుకున్యావు."

"పెట్టుకున్యా."

"బాగుంది. నేను కొననని ఒట్టు, నువ్వు చెప్పనని ఒట్టు. ఇద్దరిదీ ఒకే బైబిలు."

"నువ్వు నంద్యాల్లో ఒక్కరి చేత ఒట్టు పెట్టిస్తే ఈడ ఒక సూది నిలిచిపాయ మే. ఈస్టరు నుంచి ఫారాలు సగమే వస్తాండాయి. ఆ పన్నెండు మంది పొద్దున్నే వచ్చి ఆ గడప మీద కూచోని, ఎవురో కొనొద్దంటాండారంట, వాళ్ల చేతులు పడిపోను అని తిడతాంటారు. వాళ్లతో కలిసి నేనూ ఊ కొడతా. తిట్టేది నా చెల్లెల్నని ఎట్ల చెప్పను?"

"నేను తిట్టలేదా? రెండేండ్లు తిట్టినా. మొగం తెలీని సింగపూరు ఆడదాన్ని. దాని కడుపు కాలిపోను, దాని చేతికి కుష్టు పట్టను అని మోకాళ్ల మీద కూచోని శాపాలు పెట్టినా. ఆ చెయ్యి ఇదా అక్కా? నాకు బువ్వ కలిపి పెట్టిన చెయ్యి!"

"నా మీద ఉమ్మెయ్ మే. కొట్టు. ఏడవద్దు."

"నాకు ఏడుపు రావడం ల్యా. మండుతాంది. ఎవురు పెట్టించినారు నీ చేత ఒట్టు? మేనేజరా?"

"కాదు."

"మద్రాసు నుంచి వచ్చినాడా ఎవురన్నా?"

"అడగొద్దు."

"ఈ ఫారాలు ఈడికి తెచ్చేదెవురు? లారీలోనా?"

"లారీ వస్తే ఊరందరికీ తెలీదా? నంద్యాల స్టేషన్లో దిగుతాయి. ఆడ నుంచి బస్సులో, సంచిలో. వారం వారం కొన్ని."

"ఏ వారం?"

"ఆదీ, పో మే. నా మీద ప్రేముంటే ఇప్పుడే లేసి పో. ఎనక దావన పో."

"ఏ వారమక్కా?"

"శనివారం."

"ఈ పొద్దు శనివారం."

"అందుకే గదా పొద్దున్నుంచి పో, పో అని నెత్తీ నోరూ కొట్టుకుంటాండా!"

అంతలో వీధి తలుపు మీద మూడుసార్లు తట్టిన చప్పుడు.

"ఒదినా! ఓ ఓబులమ్మొదినా! గొళ్లెం తియ్యి, బరువుకు బుజం ఇరిగిపోతాంది."

"అక్కా, ఆ గొంతు..."

"ఏలీయా! ఇప్పుడు వద్దప్పా, పో! మళ్లా రా!"

"నోరు మూసుకో అక్కా. ఆయనను చెప్పనీ."

"మళ్లా ఎట్ల వస్తా ఒదినా? మధ్యాన్నానికి ఉయ్యాలవాడలో కొనొద్దని మీటింగు పెట్టించుకున్యా, పోకుంటే రాలేదంటారు. ఇద్దో, క్రిస్మస్‌కు ఇవే ఆఖరు ఫారాలు, ఎవురన్నా చూడకముందే లోపల పెట్టుకో. ఆదెమ్మ గురించి బయపడొద్దు. ఆళ్లగడ్డకు పోదాం, పోదాం అని పోరు పెడతాంది గానీ నేను ఆపుతాండాలే. అది నేను ఏం చెప్పినా నమ్ముతాది ఒదినా."