ఆయన చూడని మార్పు

ఈ సంతాపసభకి వచ్చిన అందరికీ నమస్కారం. కుర్చీలు చాలక వెనక గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్ళకి కూడా. ఉద్యోగం పోయాక ఈ రెండేళ్ళలో ఒక్కసారైనా ఆయన గుమ్మం తొక్కినవాళ్ళు మీలో ఎందరు? చేతులెత్తమని అడగను. నా చెయ్యీ లేవదు.

ముందు వరసలో కూర్చున్న అక్కా, మీవారు మంచివారని పొగడడానికి నేను రాలేదు. ఆయన నోరు మంచిది కాదు. నేను చేరిన వారంలోనే నా కోడ్ చూసి, "నీ చదువు మెడలో కార్డు తగిలించుకోవడానికే పనికొస్తుందమ్మా" అన్నారు, పదిమంది ముందు. వెనకాల మేమంతా ఆయన్ని అనుమానంగారు అనేవాళ్ళం.

ఆ అనుమానమే ఆయన పని. కంప్యూటరు లేవగానే, దాన్ని నడిపే మూల ప్రోగ్రాము కెర్నెల్, ప్రాసెసర్‌ని అడుగుతుంది: నీకేమేం వచ్చు? అసలు యంత్రమైతే ప్రాసెసరే జవాబిస్తుంది. ఒక్క యంత్రంలో పది ఉత్తుత్తి యంత్రాలు నడిపేటప్పుడు మాత్రం మధ్యలో హైపర్‌వైజర్ అనే ఇంకో ప్రోగ్రాము కూర్చుని దాని తరఫున తనే చెబుతుంది. ఉన్నది దాస్తుంది. ఒక్కోసారి లేనిది ఉందంటుంది. "పెళ్ళిళ్ళ పేరయ్య మాట మీద ముహూర్తం పెట్టేస్తావా? వెళ్ళి మనిషిని చూసిరా!" అని అరిచేవారు. అందుకే ఆయన కోడ్ అడిగి ఊరుకోదు. ఆ పని ఒకసారి చేయించి చూస్తుంది. బోల్తా పడితే పట్టుకుని పాత దారిన నడిపిస్తుంది.

ఆ పరీక్షవల్ల యంత్రం లేవడం ఆలస్యమవుతోందని, తీసెయ్యమని, ఇదిగో వేదిక మీదున్న డైరెక్టరుగారు అన్నారు. తీసిందెవరు? నేను. మా దగ్గర ఏ మార్పుకైనా ఇంకో మనిషి చూసినట్టు పేరుండాలి. ఆయన సెలవులో ఉన్నారు. ఆయన పేరు నేనే రాసేశాను. వచ్చాక చూపిద్దాంలే అనుకున్నాను. చూపించలేదు.

నెల తిరక్కుండా ఒక కొత్త హైపర్‌వైజర్ లేనిది ఉందని చెప్పింది. కెర్నెల్ నమ్మింది. ఆరువందల యంత్రాలు లేస్తూ లేస్తూనే కూలిపోయాయి.

విచారణలో ఆయన, "నేను చూడలేదు, సెలవులో ఉన్నాను" అన్నారు. ఇంట్లోంచి చూడొచ్చుగా అన్నారు డైరెక్టరుగారు. "ఆ అమ్మాయిని అడగండి" అన్నారాయన. అడిగారు. నేను తలొంచుకుని బల్లకేసి చూస్తూ కూర్చున్నాను. పెద్దాయన మీద చెప్పలేకపోతోంది పాపం, అనుకున్నారు. ఆయన్ని పంపేశారు. ఆయన కుర్చీ నాకిచ్చారు. కూర్చున్నాను.

ఆయన పోయాక నిన్న మీ ఇంటికొస్తే, అక్కా, నా చెయ్యి పట్టుకుని ఏమన్నారు? "చూడకుండా పేరెందుకు పెట్టారని పోయేదాకా అడిగాను తల్లీ, పలకలేదు" అన్నారు. ఆ మార్పు మీద తేదీ ఉందక్కా. ఆ వారం ఆయనకి కంటి ఆపరేషను. కట్టు విప్పి రోజుకి నాలుగుసార్లు చుక్కలు వేసింది మీరే. ఆ సంగతి విచారణలో ఆయన చెప్పలేదు. నిజం నేనే చెబుతానని నాకేసి చూశారు.

ఎవరో చెప్పింది నమ్మకు, నువ్వెళ్ళి చూడు అని బతుకంతా మొత్తుకున్న మనిషి. ఆయన్ని మాత్రం ఎవరం వెళ్ళి చూశాం? కాగితం మీద పేరు చూసి ఊరుకున్నాం. మీరు కూడా, అక్కా.

ఇక అందరూ లేచి నిలబడండి. డైరెక్టరుగారూ, మీరూనూ. రెండు నిమిషాలు మౌనంగా ఉండండి. నన్ను మాత్రం అడక్కండి. నా వంతు మౌనం ఆయన బతికుండగానే పాటించేశాను.